క్రిస్మస్ రోజుల్లో డిస్నీ వరల్డ్ మ్యాజిక్ కింగ్‌డమ్‌కు వెళ్లడం ఎలా?

నవంబరు వచ్చిందంటే చాలు, ఒకే ప్రశ్న పదిమంది నోట వినిపిస్తుంది: "క్రిస్మస్ సెలవులకు పిల్లలను తీసుకుని ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌కు వెళ్తున్నాం, ఇండియా నుంచి అమ్మానాన్నలు కూడా వచ్చి ఉన్నారు, ఎలా ప్లాన్ చేసుకోవాలి?" అందరికీ విడివిడిగా జవాబు చెప్పడం కంటే ఒకచోట వివరంగా రాయడం మేలనిపించింది. డిస్నీ వరల్డ్‌లో నాలుగు పార్కులు ఉన్నప్పటికీ, 1971 అక్టోబరులో మొట్టమొదట తెరిచిన మ్యాజిక్ కింగ్‌డమ్ గురించే అందరూ అడుగుతారు, పొరపాట్లు కూడా అక్కడే ఎక్కువగా జరుగుతాయి. అందువల్ల ఇక్కడ ప్రధానంగా దాని గురించే రాస్తున్నాను.

ఈ కాలంలో మీ రోజు ఎలా గడుస్తుందన్నది మీరు ఎంచుకున్న తేదీ మీదే ఆధారపడి ఉంటుంది. మిగతా విషయాల్లో పొరపాటు జరిగితే ఏదో విధంగా సర్దుకోవచ్చు. తేదీ దగ్గర పొరపాటు జరిగితే మాత్రం గేటు ముందుకు వెళ్లాక చేయగలిగింది పెద్దగా ఉండదు.

కావలసినవి

• ప్రతి ఒక్కరికీ, వెళ్లే తేదీతో ఉన్న టికెట్. మూడేళ్లు నిండని పిల్లలకు టికెట్ అక్కరలేదు. మూడు నుంచి తొమ్మిదేళ్ల వరకు పిల్లల టికెట్, పదేళ్లు నిండితే పెద్దల టికెట్ తీసుకోవాలి.
• మై డిస్నీ ఎక్స్‌పీరియన్స్ యాప్ ఉన్న ఫోన్, పూర్తిగా చార్జ్ చేసిన పవర్ బ్యాంకు. రోజంతా యాప్‌తోనే పని కాబట్టి, మధ్యాహ్నానికే ఫోన్ చార్జింగ్ అయిపోవడం ఇక్కడ మామూలే.
• ఒకదాని మీద ఒకటి వేసుకోగలిగే దుస్తులు, ఇంతకుముందే వాడి కాలికి అలవాటైన బూట్లు.
• మంచినీళ్ల సీసాలు (గాజువి కాకూడదు), తినుబండారాలు, అవసరమైన మందులు.
• ఆరేడేళ్ల లోపు పిల్లలుంటే స్ట్రోలర్. ఇంట్లో నడిచే పిల్లవాడైనా సరే, సాయంత్రం నాలుగు దాటేసరికి ఎత్తుకోమంటాడు.

1. ముందుగా తేదీని ఖరారు చేసుకోండి

నవంబరు మొదటి పక్షం నుంచి క్రిస్మస్‌కు రెండు మూడు రోజుల ముందు వరకు, ఎంపిక చేసిన రాత్రుల్లో మ్యాజిక్ కింగ్‌డమ్‌లో "మిక్కీస్ వెరీ మెర్రీ క్రిస్మస్ పార్టీ" జరుగుతుంది. దీనికి టికెట్ వేరు. పార్టీ రాత్రి 7 గంటలకు మొదలై అర్ధరాత్రి దాకా సాగుతుంది, ఆ టికెట్ ఉన్నవారిని సాయంత్రం 4 గంటల నుంచే లోపలికి రానిస్తారు. మామూలు టికెట్‌తో పొద్దున వచ్చినవారికి మాత్రం ఆ రోజు పార్కు సాయంత్రం 6 గంటలకే ముగుస్తుంది. పార్టీ టికెట్ ఉన్నవారి చేతికి ఒక పట్టీ కడతారు. చీకటి పడ్డాక రైడ్ల ముందు నిలబడే సిబ్బంది చూసేది ఆ పట్టీనే. అది లేకపోతే ఎంత మర్యాదగా అడిగినా లోపలికి పంపరు.

ఈ సంగతి తెలియక పార్టీ ఉన్న రోజుకు మామూలు టికెట్ కొని, రాత్రి బాణసంచా చూద్దామని ఆశగా ఎదురుచూసి, ఆరు గంటలకు పిల్లల ఏడుపుల మధ్య బయటకు నడిచే కుటుంబాలు ప్రతి ఏడాదీ కనిపిస్తాయి. తెలుసుకోవడం చాలా సులభం: డిస్నీ వారి సైటులో మీరు అనుకున్న తేదీకి మ్యాజిక్ కింగ్‌డమ్ వేళలు చూడండి. సాయంత్రం 6 గంటలకు మూసివేస్తున్నట్లు ఉంటే అది పార్టీ ఉన్న రోజు, ఇంకా ఆలస్యంగా మూసివేస్తున్నట్లు ఉంటే కాదు.

అయితే దీనికి మరో వైపు కూడా ఉంది. బాణసంచా పోతుందన్న భయంతో చాలామంది పార్టీ ఉన్న రోజుల్లో పగలు రారు. అందువల్ల ఆ పగటిపూట వరుసలు సాధారణంగా తక్కువగా ఉంటాయి, పార్టీ లేని రోజుల్లో పొద్దుటి నుంచి కిటకిటలాడుతుంది. మీ పిల్లలకు రైడ్లే ముఖ్యమైతే, ఎనిమిది గంటలకల్లా నిద్రపోయే వయసులో ఉంటే, పార్టీ ఉన్న రోజునే మామూలు టికెట్‌తో వెళ్లి ఆరు గంటలకు హాయిగా వచ్చేయడం, నన్నడిగితే, అన్నింటికంటే తెలివైన పని.

వారాల సంగతికి వస్తే, నవంబరు నాలుగో గురువారం వచ్చే థ్యాంక్స్ గివింగ్ వారం రద్దీగా ఉంటుంది. అది దాటిన తరువాత డిసెంబరు రెండో వారం వరకు, ముఖ్యంగా మంగళ, బుధ, గురువారాల్లో, కాస్త ఊపిరి ఆడుతుంది. డిసెంబరు 25 నుంచి జనవరి 1 వరకు ఏడాది మొత్తంలో అత్యధిక రద్దీ ఉండే రోజులు, టికెట్ ధరలు కూడా అప్పుడే ఎక్కువ. బడి సెలవుల కారణంగా ఆ వారంలోనే వెళ్లక తప్పనివారికి ఒక ఊరట ఉంది. అప్పటికి పార్టీలు అయిపోయి ఉంటాయి కాబట్టి, పార్టీలో చూపించే క్రిస్మస్ ఊరేగింపును, బాణసంచాను ఆ రోజుల్లో మామూలు టికెట్ ఉన్నవారికే చూపించడం ఆనవాయితీ. కొత్త సంవత్సరపు బాణసంచా కూడా మామూలుగా 30న, 31న రెండు రాత్రులూ ఉంటుంది. 31వ తేదీ రాత్రి ఆ జనంలో నలగడం కంటే 30న చూసి రావడం మేలు.

2. ఏ టికెట్ కొనాలో తేల్చుకోండి

పార్టీ టికెట్ ఒక్కొక్కరికి 150 డాలర్లు దాటుతుంది, క్రిస్మస్ దగ్గరపడేకొద్దీ పెరుగుతుంది. ఒకసారి కొన్నాక డబ్బు వెనక్కి ఇవ్వరు, చాలా రాత్రులకు టికెట్లు ముందే అయిపోతాయి. ఆ డబ్బుకు దొరికేవి ఇవి: క్రిస్మస్ ఊరేగింపు, ప్రత్యేకమైన బాణసంచా, గేటు దాటగానే వచ్చే మెయిన్ స్ట్రీట్ అనే వీధిలో కురిసే "మంచు", పార్కులో అక్కడక్కడా అదనపు రుసుము లేకుండా ఇచ్చే కుకీలు, వేడి కోకో, పగటి కంటే చిన్నవైన రైడ్ల వరుసలు.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు, పార్టీ ఉన్న రోజుకే పగటి టికెట్‌ను కూడా కొనడం. ఉదయం 8 గంటలకు గేటు దగ్గర నిలబడినవారు రాత్రి ఊరేగింపు దాకా ఉత్సాహంగా ఉండలేరు. పిల్లలు స్ట్రోలర్‌లోనే నిద్రపోతారు, పెద్దలు బెంచీ వెతుక్కుంటారు, రెండు టికెట్ల డబ్బుకు ఒకటిన్నర టికెట్ ఆనందం కూడా దక్కదు. పార్టీకి వెళ్లదలిస్తే ఆ రోజు పగలు హోటల్‌లో విశ్రాంతి తీసుకుని, మధ్యాహ్నం భోజనం తరువాత ఒక కునుకు తీసి, సరిగ్గా నాలుగు గంటలకు గేటు దగ్గర ఉండండి. పార్టీ మొదలయ్యేలోగా మూడు గంటలు అదనంగా దొరుకుతాయి.

తల్లిదండ్రులు రాత్రి చలిలో నిలబడలేరనుకుంటే ప్రత్యామ్నాయం ఎప్‌కాట్ పార్కు. అక్కడ మామూలు టికెట్‌తోనే సెలవుల ఉత్సవం చూడవచ్చు. సరస్సు చుట్టూ ఉన్న 11 దేశాల మండపాల్లో ఆయా దేశాల క్రిస్మస్ కథలను చెప్పే కథకులు ఉంటారు. ఇటలీ మండపంలో చీపురు పట్టుకున్న లా బెఫానా అనే ముసలమ్మ, ఫ్రాన్స్ మండపంలో అక్కడి క్రిస్మస్ తాత పేర్ నోయెల్ కనిపిస్తారు. ఆరుబయట రంగస్థలం మీద పెద్ద గాయక బృందం, వాద్య బృందం పాడుతూ ఉండగా ఒక ప్రముఖ నటుడో నటియో క్రీస్తు జననగాథను చదివే క్యాండిల్‌లైట్ ప్రొసెషనల్ 1994 నుంచి ఇక్కడ జరుగుతోంది. కూర్చుని చూసే కార్యక్రమం కాబట్టి పెద్దవారికి చక్కగా సరిపోతుంది. కాకపోతే చోటు కోసం ముందుగా వచ్చి వరుసలో నిలబడాలి, లేదా సీటుతో కలిపి అమ్మే భోజనం ప్యాకేజీని ముందుగా కొనుక్కోవాలి.

3. అందరి టికెట్లనూ యాప్‌లో చేర్చండి

టికెట్లు కొన్నవారి ఖాతాలోనే కుటుంబ సభ్యులందరి పేర్లూ చేర్చి, ఎవరి టికెట్ వారి పేరు ఎదురుగా ఉండేటట్లు కేటాయించండి. గేటు దగ్గర వేలిముద్ర తీసుకుంటారు. ప్లాస్టిక్ కార్డులు వాడే కుటుంబాల్లో అత్తగారి కార్డు కోడలి చేతికి, కోడలి కార్డు అత్తగారి చేతికి వెళ్లి, రెండోసారి లోపలికి వచ్చేటప్పుడు వేలిముద్ర కలవక ఇద్దరూ పక్కన నిలబడాల్సి వస్తుంది. కార్డు వెనుక మార్కర్‌తో పేరు రాసి పెట్టుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

4. లైట్నింగ్ లేన్ కావాలో వద్దో ముందే నిర్ణయించుకోండి

డబ్బు కట్టి చిన్న వరుసలో వెళ్లే ఏర్పాటును 2024 జులై నుంచి లైట్నింగ్ లేన్ మల్టీ పాస్, సింగిల్ పాస్ అనే పేర్లతో అమ్ముతున్నారు. డిస్నీ హోటల్లో దిగేవారు ఏడు రోజుల ముందు, బయట దిగేవారు మూడు రోజుల ముందు మల్టీ పాస్‌తో మూడు రైడ్ల వరకు వేళలను ఎంచుకోవచ్చు. క్రిస్మస్ వారంలో వెళ్లేవారికి ఇది ఖర్చయినా ఉపయోగపడుతుంది. డిసెంబరు మొదటి వారంలో పార్టీ ఉన్న రోజు పగలు వెళ్లేవారికి అంత అవసరం ఉండకపోవచ్చు. ఇది పార్టీ వేళల్లో పనిచేయదు కాబట్టి, పార్టీ కోసమే వెళ్లేవారు దీని మీద డబ్బు పెట్టనక్కరలేదు.

కొనుగోలు మొదలయ్యేది తూర్పు అమెరికా కాలమానం ప్రకారం ఉదయం 7 గంటలకు. డాలస్‌లో ఉన్నవారికి అది ఉదయం 6, కాలిఫోర్నియాలో ఉన్నవారికి తెల్లవారుజామున 4. నేను మొదటిసారి ఈ లెక్క మరిచిపోయి, డాలస్‌లో మా ఇంటి గడియారం ప్రకారం ఏడింటికి, కాఫీ కప్పు పక్కన పెట్టుకుని తీరికగా ఫోన్ తెరిచాను. పిల్లలు కలవరించిన రైడ్‌కు అప్పటికే వేళలన్నీ నిండిపోయాయి. ముందురోజు రాత్రే చెల్లింపు కార్డు వివరాలను యాప్‌లో నమోదు చేసుకోండి, కొనేటప్పుడు కార్డు కోసం వెతుకుతూ కూర్చుంటే ఆ రెండు నిమిషాల్లోనే మంచి వేళలు వెళ్లిపోతాయి.

5. సంచి సర్దండి

ఫ్లోరిడా అంటే ఎప్పుడూ ఎండే అనుకుని పల్చని దుస్తులతో వచ్చేవారు చాలామంది. డిసెంబరులో అక్కడ పగలు దాదాపు 22 డిగ్రీల సెల్సియస్ ఉన్నా, రాత్రి 12 డిగ్రీల దాకా దిగుతుంది. ఉత్తరాది నుంచి చలిగాలులు వీచిన రోజుల్లో ఇంకా తగ్గుతుంది. సరస్సు దాటించే ఫెర్రీ మీద ఆ గాలి మరీ కొరుకుతుంది. పగలు టీషర్ట్, దాని మీద స్వెటర్, సంచిలో జాకెట్, పిల్లలకూ పెద్దవారికీ చెవులు కప్పే టోపీ ఉంచుకోండి. మరిచిపోతే పార్కు దుకాణంలో దొరుకుతాయి కానీ, అక్కడి ధరకు మరో చోట రెండు వస్తాయి.

ఇంటి నుంచి ఆహారం తీసుకెళ్లవచ్చు. పులిహోర, చపాతీ రోల్స్, పళ్లముక్కలు ప్లాస్టిక్ డబ్బాల్లో నిరభ్యంతరంగా తీసుకెళ్లండి. గాజు పాత్రలు, మద్యం, వేడి చేయవలసిన పదార్థాలు, ఘాటైన వాసన వచ్చే పదార్థాలు మాత్రం నిబంధనల ప్రకారం కుదరవు. ఆ లెక్కన ఆవకాయ సీసా రెండు విధాలా నిషిద్ధమే. లోపల కొనుక్కునే శాకాహారులు మెనూలో చిన్న ఆకు గుర్తు కోసం చూడాలి, జంతు సంబంధమైనవి ఏవీ లేని వంటకాలకు ఆ గుర్తు వేస్తారు. పార్టీలో ఇచ్చే కుకీల్లో గుడ్డు ఉండవచ్చు, తిననివారు చేతిలోకి తీసుకోకముందే అడగాలి. త్వరగా వడ్డించే కౌంటర్ల దగ్గర ఐసు వేసిన మంచినీళ్లు ఉచితంగా ఇస్తారు, నీళ్ల సీసాలు కొననక్కరలేదు.

సెల్ఫీ స్టిక్, తోసుకుంటూ తీసుకెళ్లే పిల్లల బండి లాంటి వ్యాగన్, 31 అంగుళాల వెడల్పు లేదా 52 అంగుళాల పొడవు దాటిన స్ట్రోలర్ తీసుకురావద్దు. వాటిని తనిఖీ దగ్గరే ఆపేస్తారు.

6. గేటు దాకా చేరుకోవడానికి సమయం లెక్క వేసుకోండి

మిగతా పార్కులకూ దీనికీ ఉన్న తేడా ఇదే: కారు నిలిపే చోటు పార్కు ముందు ఉండదు. కారు దిగాక తనిఖీ దాటి, మోనోరైలో ఫెర్రీయో ఎక్కి సరస్సు అవతలికి వెళితే అప్పుడు గేటు వస్తుంది. రద్దీ రోజుల్లో కారు నుంచి గేటుకు 45 నిమిషాలు వేసుకోండి. డిస్నీ హోటళ్ల బస్సులు నేరుగా గేటు దగ్గరే దింపుతాయి.

కారు దిగగానే వరుస పేరు, సంఖ్య ఉన్న బోర్డును ఫోటో తీయండి. ఆ పార్కింగ్ స్థలాన్ని హీరోలు, విలన్లు అనే రెండు భాగాలుగా చేసి వరుసలకు కార్టూన్ పాత్రల పేర్లు పెట్టారు. పొద్దున "ఆ, గుర్తుంటుందిలే" అనుకున్న పేరు అర్ధరాత్రి గుర్తు రాదు, అద్దె కార్లన్నీ ఒకే రకంగా కనిపిస్తాయి.

7. పొద్దుటి రెండు గంటలను రైడ్లకే కేటాయించండి

డిస్నీ హోటల్లో దిగినవారిని అరగంట ముందుగా లోపలికి పంపుతారు. మిగతావారు తెరిచే సమయానికి ముప్పావు గంట ముందే గేటు దగ్గర ఉండాలి. లోపలికి అడుగుపెట్టగానే ఎదురయ్యే మెయిన్ స్ట్రీట్ క్రిస్మస్ చెట్టు ముందు ఫోటోల కోసం ఆగకండి. చెట్టు ఎక్కడికీ పోదు, రైడ్ల వరుసలు మాత్రం ప్రతి పది నిమిషాలకూ పెరుగుతాయి. నేరుగా సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్, పీటర్ పాన్స్ ఫ్లైట్ వంటి ఎప్పుడూ రద్దీగా ఉండే రైడ్లకు వెళ్లండి. జంగిల్ క్రూయిజ్ ఈ రోజుల్లో జింగిల్ క్రూయిజ్‌గా మారి, పడవలకు క్రిస్మస్ అలంకరణ చేసుకుంటుంది. తాతామామ్మలతో కలిసి ఎక్కడానికి అది బాగుంటుంది.

పిల్లల ఎత్తును ఇంట్లోనే బూట్లతో కొలవండి. మైన్ ట్రైన్‌కు 38 అంగుళాలు, స్పేస్ మౌంటెన్‌కు 44, ట్రాన్ రైడ్‌కు 48 ఉండాలి. అర అంగుళం తక్కువైనా ఎక్కనివ్వరు, గంటసేపు వరుసలో నిలబడ్డాక ఆ మాట వినడం పిల్లలకు తట్టుకోరానిది. చిన్నపిల్లలు ఉన్నవారు రైడ్ ముఖద్వారం దగ్గర రైడర్ స్విచ్ కావాలని అడగండి: ఒకరు పిల్లవాడిని చూసుకుంటూ ఉంటే మరొకరు రైడ్ ఎక్కి వస్తారు, ఆ తరువాత రెండోవారు పొడవైన వరుసలో నిలబడకుండానే ఎక్కవచ్చు.

పదకొండు దాటాక రద్దీ ఎక్కువైపోతుంది. అప్పుడు కూర్చుని చూసే ప్రదర్శనలకు, భోజనానికి మళ్లండి. భోజనాన్ని యాప్‌లో పదకొండింటికే ఆర్డర్ చేసుకుంటే పన్నెండున్నర రద్దీని తప్పించుకోవచ్చు.

8. సాయంత్రం ఎక్కడ నిలబడాలో ముందే చూసుకోండి

పార్టీ రాత్రి ఊరేగింపు మామూలుగా రెండుసార్లు ఉంటుంది. మొదటిదానికి మెయిన్ స్ట్రీట్ పక్కన గంట ముందు నుంచే దుప్పట్లు పరిచి కూర్చుంటారు. పిల్లలు మేలుకుని ఉండగలిగితే రెండోదానికి వెళ్లండి, కొద్ది నిమిషాల ముందు వచ్చినా ముందు వరుస దొరకవచ్చు. మొదటి ఊరేగింపు సాగుతున్నంతసేపూ రైడ్ల వరుసలు తగ్గుతాయి కాబట్టి ఆ సమయాన్ని రైడ్లకు వాడుకోండి. మొదటిదే చూడాలనుకుంటే, ఊరేగింపు బయలుదేరే ఫ్రాంటియర్‌ల్యాండ్ అనే పార్కు భాగం వైపు నిలబడితే ముందుగా చూసి ముందుగా కదలవచ్చు.

మెయిన్ స్ట్రీట్‌లో కురిసేది నిజమైన మంచు కాదు, సబ్బు నురగ. దీపాల వెలుగులో పిల్లల జుట్టు మీద తెల్లగా వాలి, ముట్టుకోగానే కరిగిపోతుంది. ఫోటోల్లో ఎంతో అందంగా వస్తుంది. అయితే నాలుక చాపి పట్టుకోవాలని చూసే పిల్లలను ఆపాలి, కళ్లజోళ్ల మీదా కెమెరా లెన్సు మీదా పడితే మరకలవుతుంది, పెద్దవారు తడిసిన నేల మీద జాగ్రత్తగా అడుగు వేయాలి.

9. తిరుగు ప్రయాణానికి తొందరపడకండి

బాణసంచా ముగిసిన మరుక్షణం వేలమంది ఒకేసారి గేటు వైపు కదులుతారు. ఆ ప్రవాహంలో స్ట్రోలర్‌నూ వీల్‌చెయిర్‌నూ నడపడం కష్టం. మెయిన్ స్ట్రీట్ దుకాణాలు పార్కు మూసిన తరువాత కూడా కొంతసేపు తెరిచే ఉంటాయి. పొద్దున వదిలేసిన క్రిస్మస్ చెట్టు ఫోటో ఇప్పుడు తీసుకుని, అరగంట ఆగి బయలుదేరితే మోనోరైలు దగ్గర వరుస సగమవుతుంది.

అంతా సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం ఎలా?

బయలుదేరే ముందురోజు రాత్రి యాప్ తెరిచి ఈ నాలుగూ చూడండి. ప్రతి సభ్యుని పేరు ఎదురుగా టికెట్ కనిపిస్తోందా? ఆ టికెట్ మీది తేదీ, మీరు వెళ్లే తేదీ ఒకటేనా? ఆ రోజు పార్కు మూసే వేళ మీరు అనుకున్నదేనా? లైట్నింగ్ లేన్ కొని ఉంటే, ఎంచుకున్న మూడు వేళలూ ఒకదాని వెంట ఒకటి అందుకోగలిగేటట్లు ఉన్నాయా, లేక భోజనం రిజర్వేషన్‌తో ఢీకొంటున్నాయా? పేరు ఎదురుగా టికెట్ లేకపోతే కొనుగోలు తరువాత వచ్చిన ఈమెయిల్‌లోని నంబరును యాప్‌లో నమోదు చేయండి. అప్పటికీ కనిపించకపోతే గేటు వరుసలో నిలబడకుండా, గేటు బయట ఉండే గెస్ట్ రిలేషన్స్ కిటికీకే నేరుగా వెళ్లండి.

పార్కులో ఉన్నప్పుడు చూసుకోవలసిన గుర్తు ఒకటుంది. పొద్దున పదకొండు గంటలకు మీరు కనీసం మూడు రైడ్లు పూర్తిచేసి ఉంటే మీ రోజు సరిగ్గా నడుస్తున్నట్లే. ఒకటి కూడా పూర్తికాకపోతే రైడ్ల వెంట పరుగెత్తడం మానేసి, ఆ రోజును ఊరేగింపు, దీపాలు, ప్రదర్శనల రోజుగా మార్చుకోండి.

టికెట్లు దొరకకపోయినా, అంత ఖర్చు వద్దనుకున్నా, డిస్నీ స్ప్రింగ్స్ బజారుకు వెళ్లండి. అక్కడ ప్రవేశ రుసుము లేదు, పార్కింగ్‌కు డబ్బు లేదు, ఈ రోజుల్లో రకరకాలుగా అలంకరించిన క్రిస్మస్ చెట్లు వరుసగా పెడతారు. సాయంత్రం ఐదు దాటితే గ్యారేజీలు నిండిపోతాయి కాబట్టి నాలుగింటికల్లా చేరుకోండి.